గంగ కట్టేసిన ఇరవై రోజులు

మొన్న దసరా వెళ్ళిన మర్నాడు ఒక స్నేహితురాలు హరిద్వార్ నుంచి ఫోటోలు పంపింది. అక్కడి ముఖ్యమైన స్నానఘట్టం హర్ కీ పౌడీ దగ్గర నీళ్ళు లేవు. మెట్ల కింద గులకరాళ్ళు, ఇసుక, పాత గుడ్డలు, పగిలిన కొబ్బరి చిప్పలు, వాటి మధ్య నడుం వంచి చిల్లర ఏరుకుంటున్న జనం. "గంగ ఎండిపోయిందా?" అని కంగారుగా అడిగింది. ఎండిపోలేదమ్మా, కట్టేశారు, ఏటా కట్టేస్తారు, దీపావళికి మళ్ళీ వదులుతారు అని జవాబు రాయడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేకపోయాను. ఆ మిగిలినదంతా ఇక్కడ రాస్తున్నాను.

నాన్న బీహెచ్ఈఎల్‌లో పనిచేసేవారు. 1984లో హైదరాబాద్ పక్కనున్న రామచంద్రాపురం నుంచి హరిద్వార్ యూనిట్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. నాకప్పుడు ఆరేళ్ళు. అక్కడ ఎనిమిదేళ్ళు ఉన్నాం. ఊళ్ళో కాదు, ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో రాణీపూర్ టౌన్‌షిప్‌లో, సెక్టార్ల లెక్కన కట్టిన క్వార్టర్లలో. అరవైల్లో రష్యావాళ్ళ సాయంతో పెట్టిన ఫ్యాక్టరీ అది, కరెంటు స్టేషన్లకి పెద్ద పెద్ద టర్బైన్లు చేసేవారు. మా ఇంటి వెనక ఒక మామిడిచెట్టు, ఒక జామచెట్టు, ప్రహరీ అవతల దూరంగా శివాలిక్ కొండలు, ఆ కొండల్లో రాజాజీ అడవి. చలికాలం రాత్రుళ్ళు ఒక్కోసారి ఏనుగులు టౌన్‌షిప్ దాకా వచ్చేసేవి. ఎక్కడో డబ్బాలు వాయిస్తున్న చప్పుడు వినిపిస్తే అమ్మ లేచి తలుపు గడియ మరోసారి చూసి వచ్చి పడుకునేది. చింతపండు, ఆవకాయ, గోంగూర పచ్చడి అన్నీ ఏడాదికోసారి సెలవులకి వెళ్ళినప్పుడు తెచ్చుకున్నవే. ఆవకాయ జాడీ అడుగు కనిపిస్తోందంటే ఊరికి వెళ్ళే రోజులు దగ్గరపడ్డాయని లెక్క.

ఆదివారం సాయంత్రం నాన్న స్కూటర్ మీద ఊళ్ళోకి తీసుకెళ్ళేవారు. నేను ముందు నిలబడేదాన్ని, అమ్మ వెనక. మోతీ బజార్ మొదట్లో బండి పెట్టి నడిచేవాళ్ళం. ఇద్దరు ఎదురైతే పక్కకి ఒదగాల్సిన సందు అది. రెండు వైపులా ఇత్తడి చెంబులు, రాగి చెంబులు, రుద్రాక్షలు, గాజులు, శాలువాలు, గంగాజలం పట్టుకెళ్ళడానికి రకరకాల సైజుల డబ్బాలు. పూరీలు వేయిస్తున్న నెయ్యి వాసన, తడిసిన బట్టల వాసన, బంతిపూల వాసన కలిసి వచ్చేది. ఆకు దొన్నెలో ఆలూ కూర, వేడి పూరీలు, పైన కొంచెం సూజీ హల్వా పెట్టిచ్చేవారు. అలాంటి పూరీ నేను మళ్ళీ ఎక్కడా తినలేదు, నెయ్యి వల్ల కాదు, ఆ చలిలో ఆ నది ఒడ్డున నిలబడి తినడం వల్ల అని నా నమ్మకం. ఊళ్ళో మాంసం, గుడ్లు అమ్మరు. గుడ్లు కావాలంటే టౌన్‌షిప్ వాళ్ళు జ్వాలాపూర్ వెళ్ళి తెచ్చుకునేవారు.

సందు దాటగానే ఒక్కసారిగా ఆకాశం, నీళ్ళు. మన గోదావరి నీళ్ళలా నెమ్మదిగా కదిలే నీళ్ళు కావు అవి. పరుగు. మే నెలలో కూడా కాలు పెడితే ఎముక జివ్వుమనేంత చల్లదనం. మెట్లకి ఇనుప గొలుసులు ఉండేవి, అవి పట్టుకునే మునగాలి, వదిలితే మనిషిని తీసుకుపోతుంది. ఎదురుగా దీవి లాంటి గట్టు మీద గడియార స్తంభం. 1938లో బిర్లాలు కట్టించారు. దాని కింద కూర్చుంటే సాయంత్రం హారతి బాగా కనిపిస్తుందని మేం ముందే వెళ్ళి చోటు పట్టుకునేవాళ్ళం. గంటలు మొదలయ్యాక పక్కనున్న అమ్మ ఏం చెబుతోందో కూడా వినపడేది కాదు. పెద్ద పెద్ద హారతి కుందులు పైకి లేచేవి, వాటి మంట నీళ్ళలో సాగి సాగి వంతెన కింద నుంచి వెళ్ళిపోయేది. నేను మాత్రం హారతి కన్నా దొన్నెలనే చూసేదాన్ని. పూలు, దీపం పెట్టి వదిలిన ఆకు దొన్నెల్లో ఏది ముందు వంతెన దాటుతుందా అని. మా దొన్నె ఒక్కసారీ వంతెన దాటలేదు.

ఇంత చెప్పి అసలు సంగతి చెప్పకపోతే ఎలా? హర్ కీ పౌడీ ముందు పారేది గంగ మొత్తం కాదు. గంగ పెద్ద పాయ, నీలధార అంటారు, అది అటు చండీదేవి కొండ పక్కనుంచి వెళుతుంది. భీమ్‌గోడా దగ్గర మళ్ళించిన నీళ్ళే ఊరి మెట్ల ముందుకి వచ్చి, కొంచెం కిందికి వెళ్ళాక మాయాపూర్ దగ్గర గంగ కాలువలో పడతాయి. ఆ కాలువని అక్కడివాళ్ళు గంగ్ నహర్ అంటారు. ఏటా దసరా రాత్రి గేట్లు దించేస్తారు. మూడు వారాలు పూడిక తీసి, మరమ్మతులు చేసి దీపావళి రాత్రి మళ్ళీ ఎత్తుతారు. ఆ రోజుల్ని గంగాబందీ అంటారు. స్నానాలకి బ్రహ్మకుండం దగ్గర, హర్ కీ పౌడీలో అందరూ మునిగే చోటు అది, సన్నగా కొంచెం నీరు మాత్రం ఉంచుతారు.

పిల్లలకి అవి పండగ రోజులు. మిగతా ఏడాదంతా దగ్గరికి కూడా పోనివ్వని నది అడుగున నడవొచ్చు. జల్లెడలు పట్టుకుని మనుషులు ఇసుక కడిగేవారు. ఒక్కో కుటుంబం ఒక్కో చోటు పంచుకుని కూర్చునేది, అది వాళ్ళ జీవనం. నాకు ఒకసారి ఒక పాత రాగి పైసా దొరికింది, ఆనవాలు లేకుండా అరిగిపోయింది. నాన్న "ఎవరో మొక్కుకుని వేసింది, మనకెందుకు" అని అక్కడే పెట్టించారు. పక్కనే ఏరుకుంటున్న ముసలమ్మ దాన్ని తీసుకుని నా నుదుటికి తాకించి తన కొంగున కట్టుకుంది.

1988 శ్రావణంలో మామ్మ పోయింది. మాది ధవళేశ్వరం. తాతయ్య కాలవల మీద లస్కరుగా ముప్పై రెండేళ్ళు పనిచేశారు. లాకు తలుపులు తీయడం, వేయడం, గట్టు వెంట తిరిగి గండ్లు పడకుండా చూసుకోవడం, రాయి మీద నీటి మట్టం చూసి రాసుకోవడం, అదీ ఆయన ఉద్యోగం. మామ్మ ఏటా "వచ్చే వేసవికి హరిద్వారం వస్తాను, గంగలో మునుగుతాను" అనేది. ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేది. గేదె ఈనేదుందనో, పొరుగింట్లో పెళ్ళనో. అలా రాకుండానే పోయింది. అస్థికలు గోదాట్లో కలిపి, గంగకని కొంచెం చిన్న ముంతలో దాచారు తాతయ్య. దసరా సెలవుల్లో నాన్న ఢిల్లీ వెళ్ళి, జీటీ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన ఆయన్ని తీసుకొచ్చారు. అప్పటికి దసరా వెళ్ళి రెండు రోజులైంది.

అస్థికలు ఇంట్లోకి తేకూడదు కదా, ముంతని ఎర్రగుడ్డలో మూటకట్టి వెనక మామిడికొమ్మకి కట్టారు. మర్నాడు పొద్దున్నే నాన్న, తాతయ్య, నేను హర్ కీ పౌడీకి వెళ్ళాం. ఆ ముందు రాత్రే నాన్న నెమ్మదిగా చెప్పారనుకుంటాను నీళ్ళు లేవని, అయినా చూడటం వేరు. రెండు రోజులు రైల్లో కూర్చుని భార్య అస్థికలు ఒళ్ళో పెట్టుకుని వచ్చిన మనిషి ఎదురుగా రాళ్ళు. నేను ఆయన ఏడుస్తారేమో అనుకున్నాను. ఆయన పంచె ఎగ్గట్టి మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయారు. వంగి ఇంత మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి చూశారు. గోడ అంచు నీళ్ళకి ఎక్కడిదాకా తడిసిందో చేత్తో తడిమి చూశారు. తర్వాత పైకి చూసి నాన్నతో, "మనం వేసవిలో కడతాం. వీళ్ళు దసరాకి కడుతున్నార్రా" అన్నారు.

పండా గారు, అంటే అక్కడి తీర్థపురోహితుడు, మంచివారు. ఇక్కడ సన్నగా పారుతున్న నీళ్ళలో కలపొచ్చు, కాదంటే కన్‌ఖల్ వైపు వెళదాం, నీలధారలో ఎప్పుడూ నీళ్ళుంటాయి, దోషం లేదు అన్నారు. నాన్న అది తెలుగులో చెప్పారు. తాతయ్య కాసేపు ఆలోచించి వద్దన్నారు. "మన లాకు దగ్గర ఏటా కాలవ వదిలిన రోజున కొత్తనీళ్ళలో పసుపు కుంకుమ వేసేది మీ అమ్మ. జ్వరమొచ్చినా వచ్చి వేసేది. ఆగుదాం. వీళ్ళు వదిలాకే కలుపుతాను."

అలా పద్దెనిమిది రోజులు ఆగారు. మామ్మ మా మామిడిచెట్టు మీద ఉంది. అమ్మ రోజూ సాయంత్రం చెట్టు మొదట్లో దీపం పెట్టేది. సెలవులయ్యాక నేను బడికి వెళ్ళేటప్పుడు చెట్టుకేసి చూసి "వెళ్ళొస్తా మామ్మా" అనేదాన్ని. భయం వేయలేదు. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే మామ్మ మా ఇంటికి వచ్చి పద్దెనిమిది రోజులు ఉండి వెళ్ళినట్టే ఉంటుంది నాకు.

తాతయ్య ఇంట్లో కూర్చోలేదు. రోజూ టిఫిన్ తిని బస్సెక్కి మాయాపూర్ వెళ్ళిపోయేవారు, కాలువ మొదలయ్యే చోటికి. ఆయనకి హిందీ రాదు. అక్కడ ఒక బేల్దార్‌తో స్నేహం కుదిరింది. మన వైపు లస్కరు ఎలాగో అక్కడ కాలువల మీద బేల్దార్ అలాగ. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవారో నేను సెలవురోజున వెంట వెళ్ళి చూశాను. గేటు, గేజి, బంద్, పానీ, ఇంతే మాటలు. మిగతాదంతా చేతులతో. గేటు పళ్ళకి గ్రీజు రాస్తుంటే తాతయ్య పక్కన నిలబడి ఒక చోట వేలు పెట్టి చూపించారు, ఆయన తలూపి అక్కడ ఇంకొంచెం రాశాడు. తర్వాత ఇద్దరూ గట్టు మీద కూర్చుని బీడీలు కాల్చుకున్నారు. అంత హాయిగా తాతయ్య ఎవరితోనూ కూర్చోగా నేను చూడలేదు, మామ్మ పోయాక.

ఆ కాలువ కథ నాన్న చెప్తుంటే తాతయ్య రోజూ రాత్రి వినేవారు. 1837-38 కరువులో ఆ ప్రాంతమంతా తుడిచిపెట్టుకుపోయాక కాట్లీ అనే దొర ఈ కాలువ తలపెట్టాడు. 1842లో తవ్వడం మొదలుపెట్టి 1854 ఏప్రిల్ 8న నీళ్ళు వదిలారు. గంగకి కట్ట వేస్తారా అని హరిద్వార్ పండాలు ఎదురుతిరిగితే, నీళ్ళు ఆగకుండా పోవడానికి కట్టలో ఒక ఖాళీ వదులుతానని మాటిచ్చి, స్నానఘట్టాలు బాగుచేయించి, గణపతి పూజ చేసి మరీ పని మొదలుపెట్టాడట. తర్వాత మళ్ళీ గొడవొస్తే 1916లో మదనమోహన మాలవ్యా గారు కూర్చుని, హర్ కీ పౌడీకి నీళ్ళు ఎప్పుడూ తెగకుండా రావాలని సర్కారుతో ఒప్పందం చేయించారు. బందీ రోజుల్లో కూడా ఆ సన్నటి ధార ఉంచేది అందుకే.

ఇదంతా విని తాతయ్య అడిగిన మొదటి ప్రశ్న, "మన దొరగారికి ఈ కాలవ సంగతి తెలుసా?" మన దొరగారంటే కాటన్ దొర. ధవళేశ్వరంలో ఆ విగ్రహం ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ దణ్ణం పెట్టే మనిషి ఆయన. తెలియడమేమిటి, వాళ్ళిద్దరూ 1860ల్లో ఈ కాలువ గురించే అచ్చువేసి మరీ వాదించుకున్నారు. ఇంత పైన, కొండల మొదట్లో కాదు, నది ఇంకా కిందికి దిగాక హెడ్‌వర్క్స్, అంటే నీళ్ళు కాలువకి మళ్ళించే కట్టడాలు, కట్టాల్సిందని కాటన్ వాదన. నాన్న ఆ మాట చెప్పగానే తాతయ్య ముఖం వెలిగిపోయింది. కానీ రెండు రోజులు పోయాక మాయాపూర్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "ఈయన కట్టింది కూడా గట్టిగానే కట్టాడ్రా" అన్నారు. అది చెప్పడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకిప్పుడు అర్థమవుతుంది.

ఒక ఆదివారం రాణీపూర్ సూపర్ పాసేజ్ చూపించడానికి తీసుకెళ్ళాం. హరిద్వార్ వెళ్ళేవాళ్ళు ఎవరూ అది చూడరు, నా ఉద్దేశంలో ఆ ఊళ్ళో చూడాల్సిన వాటిలో అది ఒకటి. శివాలిక్ కొండల నుంచి వానాకాలంలో ఒక్కసారిగా విరుచుకుపడే వాగుల్ని అక్కడ రౌ అంటారు. మిగతా ఏడాది ఇసుకే. కాలువకి అడ్డంగా ఆ వాగు వస్తుంటే దాన్ని కాలువ మీదుగా దాటించారు, ఇటుకలతో, సున్నంతో, 1850ల నాటికే. అంటే పైన నది, కింద కాలువ. ఆ రోజు రెండూ ఎండి ఉన్నాయి. తాతయ్య పైనుంచి ఒకసారి, కాలువలోకి దిగి కింద నుంచి ఒకసారి చూశారు. ఇంటికొచ్చి వరండా గచ్చు మీద బొగ్గుముక్కతో నాకు గన్నవరం అక్విడక్టు గీసి చూపించారు. కోనసీమలో వైనతేయ గోదావరి పాయ మీద నుంచి కాలువని దాటించారు, అదీ ఆ కాలం నాటిదే. "చూడు అమ్మడూ, మన దగ్గర కింద నది, పైన కాలవ. వీళ్ళకి పైన నది, కింద కాలవ." ఆ బొగ్గు గీతలు వారం రోజులు అమ్మ తుడవలేదు.

నవంబరు 9న దీపావళి. చలి మొదలైపోయింది. టౌన్‌షిప్‌లో అందరూ టపాకాయలు కాలుస్తుంటే మేం భోంచేసి మాయాపూర్ వెళ్ళాం. అమ్మ నాకు రెండు స్వెట్టర్లు వేసింది. బేల్దార్ మమ్మల్ని ఒక పక్కన నిలబెట్టాడు. నేను పెద్ద హోరున వస్తుందనుకున్నాను. తాతయ్య ముందే చెప్పారు, "ఒక్కసారి వదిలితే గట్లు నిలవవు, మెల్లగా వదులుతారు" అని. చీకట్లో ముందు వాసన వచ్చింది, తడిమట్టి వాసన. తర్వాత రాళ్ళ మధ్య ఏదో గుసగుసలాడినట్టు చప్పుడు. ఎవరో లాంతరు పట్టుకుంటే దాని వెలుగులో నీళ్ళు నాలుకలా పాక్కుంటూ వచ్చాయి, ముందు నురగ, ఎండుటాకులు, చెత్త, వెనక నల్లగా నీళ్ళు. తాతయ్య చేతిలో చిన్న పొట్లం ఉంది, అమ్మని అడిగి కట్టించుకున్నారు. విప్పి పసుపు కుంకుమ నీళ్ళలో వేశారు. ఏం మాట్లాడలేదు. బేల్దార్ తలపాగా తీసి నిలబడ్డాడు.

మర్నాడు కార్తీక శుద్ధ పాడ్యమి. తెల్లవారుజామున చెట్టు మీద నుంచి ముంత దించారు. హర్ కీ పౌడీ మెట్ల మీదికి నీళ్ళు వచ్చేశాయి, కొంచెం మడ్డిగా. తాతయ్య గొలుసు పట్టుకుని దిగి కలిపారు. పైకొచ్చాక పండా గారు పొడుగాటి పుస్తకం తెరిచారు. బహీ అంటారు. ఏ ఊరు, ఏ వంశం, ఎవరు ఎప్పుడు ఎవరి కోసం వచ్చారు అని తరతరాలుగా రాసిపెట్టుకుంటూ వస్తారు. మా పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ వాళ్ళకి అలాంటి పుస్తకంలోనే దేశవిభజనకి ముందు లాహోర్ నుంచి వచ్చిన వాళ్ళ తాతగారి సంతకం దొరికింది, ఆవిడ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలా ఉండిపోయిందని అమ్మ చెప్పేది. మావాళ్ళు కాశీకి, గయకి వెళ్ళారే తప్ప ఇక్కడికి ఎవరూ రాలేదు. మా ఇంటిపేరు మీద అందులో మొదటి పేరు మామ్మది. తాతయ్య తెలుగులో రాస్తానంటే పండా గారు సంతోషంగా కలం ఇచ్చారు. రాసి చాలాసేపు ఆరనిచ్చారు.

ఆ డిసెంబరు ఆఖర్లో హరిద్వార్ జిల్లా అయింది, అంతవరకు సహారన్‌పూర్ జిల్లాలో ఉండేది. తాతయ్య అప్పటికే ఊరెళ్ళిపోయారు. వెళ్ళాక కార్డులు రాసేవారు, నాకే. "ఇక్కడ కాలవలు కట్టేశారు. అక్కడ గంగ మట్టం ఎంత?" అని. నాకు గేజి చూడటం రాదు కాబట్టి గడియార స్తంభం పక్కన మెట్లు లెక్కపెట్టి రాసేదాన్ని. ఆరు మెట్లు కనిపిస్తున్నాయి తాతయ్యా. వానాకాలంలో ఒకసారి ఒక్క మెట్టే కనిపిస్తోందని రాస్తే, జాగ్రత్త, నువ్వు దిగకు అని వెంటనే జవాబు వచ్చింది. 1992లో మేం హైదరాబాద్ వచ్చేసేదాకా అలా రాసుకున్నాం. 1997లో ఆయన పోయారు.

మళ్ళీ నేను హరిద్వార్ వెళ్ళింది 2022లో, ఒక్కదాన్నే. ఊరు పట్టనంత జనం, పైన ఫ్లైఓవర్లు, మోతీ బజార్ మాత్రం అలాగే ఉంది. నీళ్ళలో దిగే కుర్రాళ్ళు ఇప్పుడు తాళ్ళకి అయస్కాంతాలు కట్టి విసురుతున్నారు, స్టీలు నాణేలు అతుక్కుంటున్నాయి. మా రోజుల్లో ఆ వీలు లేదు, మునగడమే. మధ్యలో 2016 చివర్లో హర్ కీ పౌడీ ముందు పారే పాయని ‘ఎస్కేప్ ఛానల్’, అంటే మిగులు నీళ్ళు పోయే కాలువ, అంటూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, గంగకి దగ్గర్లో కట్టడాల మీద ఉన్న నిబంధన దానికి వర్తించకుండా. తీర్థపురోహితులు ఏళ్ళ తరబడి పోరాడితే 2020లో వెనక్కి తీసుకున్నారు. పేపర్లో చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. మా మామ్మని కలిపింది ఎస్కేప్ ఛానల్‌లోనా? మనిషి మళ్ళించిన నీళ్ళు కాబట్టి గంగ కాదనడానికి, కాలవ నీళ్ళలో ముప్పై ఏళ్ళు పసుపు కుంకుమ వేసిన ఆవిడ ఒప్పుకుంటుందా?

పండా గారు లేరు, వాళ్ళబ్బాయి ఉన్నారు. ఊరు, జిల్లా, సంవత్సరం చెప్పాను. గంటన్నర పట్టింది. కట్టలు విప్పుతూ, ధూళి దులుపుతూ, చివరికి ఒక పేజీ నా ముందుకి తిప్పారు. చుట్టూ హిందీ అక్షరాల మధ్య గుండ్రంగా తెలుగు. మామ్మ పేరు, తాతయ్య పేరు, ధవళేశ్వరం. కింద, లాకు రిజిస్టర్‌లో రాసే అలవాటు కాబోలు, ఇంకో వరస.

"9-11-88 రాత్రి నీరు వదిలారు."

మీరూ రాయండి అని కలం ఇచ్చారాయన. తాతయ్య పోయిన తేదీ రాశాను. నాన్నది 2019, అదీ రాశాను. నా పేరు, ఊరు రాశాను. తర్వాత ఒక్క నిమిషం ఆగమని చెప్పి, గడియార స్తంభం దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి, కింద రాశాను. నాలుగు మెట్లు కనిపిస్తున్నాయి.